నూట డెబ్బై ఒక్క ఇటుకలు

థాయిలాండ్‌లో ప్రభుత్వం కాపాడుతున్న చారిత్రక ఉద్యానవనాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు నేను ఇక్కడ రాయను. అందులో చెరువుకు ఆనుకుని ఒక శిథిల స్తూపం ఉంది. దాని తూర్పు వైపు పునాది గోడలో ఒక భాగం పొడవు ఆరు మీటర్ల పది సెంటీమీటర్లు, ఎత్తు తొమ్మిది వరుసలు. బయటికి కనిపించే ఇటుకలు నూట డెబ్బై ఒకటి. ఈ కొలతలన్నీ నేను కెనడాలోని మిస్సిసాగాలో, విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న ఒక ఆఫీసు రెండో అంతస్తులో కూర్చుని తీసినవి. ఆ గోడను నేను కళ్లారా చూడలేదు. ఇక చూడాలన్నా అది లేదు. లేకపోవడానికి కారణం నా డ్రాయింగ్.

నేను కాకినాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివాను. ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. మా పని కట్టడాల స్థితిని కొలిచి గీయడం. డ్రోన్ తీసిన ఫొటోలు, లేజర్ స్కాన్‌లు మా దగ్గరికి వస్తాయి. వాటిని కలిపితే కంప్యూటర్‌లో కోట్ల చుక్కలతో ఆ కట్టడం ఆకారం నిలబడుతుంది. దాన్ని ఎటైనా తిప్పవచ్చు, రెండు మిల్లీమీటర్ల తేడాతో ఏ చోటునైనా కొలవవచ్చు. సాధారణంగా మాకు వచ్చేవి హైవే వంతెనలు, గోదాముల పైకప్పులు, చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు తిని పాడైన పార్కింగ్ గరాజ్‌లు. ఈ స్తూపం మాకు వేరే సంస్థ ద్వారా చేరిన చిన్న పని. మేనేజర్ ఎవరికి ఇవ్వాలా అని ఆలోచిస్తుంటే నేనే చెయ్యెత్తి అడిగాను.

అడగడానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట హైదరాబాద్ నుంచి టొరంటోకు తిరిగి వస్తూ మేము ముగ్గురం, నేను, మా ఆయన, మా అమ్మాయి, బ్యాంకాక్‌లో నాలుగు రోజులు ఆగాం. అప్పుడు ఇలాంటిదే మరొక ఉద్యానవనం చూశాం. అద్దె సైకిళ్ల మీద కందకాల వెంట, తలలు లేని బుద్ధ విగ్రహాల మధ్య తిరిగాం. నాకు ఆ విగ్రహాల కన్నా ఎక్కువగా గుర్తుండిపోయినవి బోర్డులు. చారిత్రక ఉద్యానవనాన్ని వాళ్లు ‘ఉద్యాన్ ప్రవత్తిసాత్’ అంటారు. ఉద్యానం, ప్రవృత్తి, శాస్త్రం. పురాతన కట్టడాన్ని ‘బోరాన్ సథాన్’ అంటారు. పురాణ స్థానం. పాళీ, సంస్కృతాల మీదుగా వాళ్లకూ మనకూ చేరిన మాటలవి. రోమన్ అక్షరాల్లో కనిపించిన ప్రతి మాటనూ విప్పి మా ఆయనకు చెప్పాను. గైడ్ అవసరం లేదని కూడా అన్నాను. రెండు రోజుల్లో ఒక ఇరవై మాటలు పోగుచేసుకుని, ఒక భాష లోపలికి అడుగుపెట్టానని నమ్మాను.

ఇక స్తూపం సంగతి. కొన్ని దశాబ్దాల కిందట ఆ పునాది గోడలో పక్క భాగాన్ని సిమెంటుతో మరమ్మతు చేశారు. అప్పట్లో అది మంచి పద్ధతే అనుకున్నారు. కానీ సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపల చిక్కుకున్న నీరు, దానితోపాటు ఉప్పు, పక్కనున్న పాత ఇటుకలోకి ఎక్కి దాన్ని పొడిచేస్తాయి. ఈ పని మాకు వచ్చిన ఏడాది వరదలో గోడ మూడు వారాలు నీటిలో ఉంది. నీరు తీశాక నిర్ణయం జరిగింది: సిమెంటు మరమ్మతును తొలగించాలి, అసలు గోడను ముట్టుకోకూడదు. ఏది ఏదో చూపించే డ్రాయింగ్ నాది. ఎరుపు అంటే తొలగించాలి. ఆకుపచ్చ అంటే ముట్టుకోకూడదు. అంతకన్నా సరళమైన డ్రాయింగ్ నేను నా ఉద్యోగంలో గీయలేదు.

అక్కడి సర్వేయర్లు గోడను రెండు భాగాలుగా గుర్తించి పంపారు. ఒక భాగానికి ‘burana’ అని, మరొక భాగానికి ‘doem’ అని రోమన్ అక్షరాల్లో పేర్లు. వాటి అర్థాల పట్టిక నివేదిక చివర ఒక పేజీలో ఉంది. థాయ్ లిపిలో, స్కాన్ చేసిన బొమ్మగా. మిగతా పేజీలను కంప్యూటర్ అనువదించింది. ఆ పేజీని చదవలేకపోయింది.

మా ఆఫీసులో నా డ్రాయింగ్‌లను సరిచూసేది కరీంనగర్ నుంచి, అమెరికా మీదుగా వచ్చిన ఒక సహోద్యోగి. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. మధ్యాహ్నం ఇద్దరం ఒకే మైక్రోవేవ్ దగ్గర వరుసలో నిలబడతాం. ఆ రోజు అతను డబ్బా వేడి పెడుతూ అడిగాడు.

“అక్కా, ఆ థాయ్‌వాళ్ల లేయర్ పేర్లు చూసిన. బురానా అంటే మన పురాణమే గదా?”

“అంతే. బోర్డుల మీద బోరాన్ అని రాస్తారు. ఇది దాని పూర్తి రూపం అయ్యుంటుంది.”

“మరి ఈ దోమ ఏంది?”

“ఏ దోమ?”

“డి, ఓ, ఈ, ఎమ్. దోమ్.”

“ఏమో, తెలీదు. ఉన్నవి రెండే క్లాసులు కదా. ఒకటి పాతదైతే రెండోది కొత్తది.”

“కరెక్టే. పాత గోడకు దోమ కొత్తగా కుట్టింది!” అని తన మాటకు తనే నవ్వాడు. “గట్లనే పెట్టేద్దాం అక్కా. దోమ కుట్టిన చోటు పీకేయమందాం.”

నేనూ నవ్వాను. నా డబ్బాలో ఆ రోజు గోంగూర ఉంది. సగం అతనికి పెట్టాను. మధ్యాహ్నం రెండు గంటలకు పైకి వెళ్లి burana భాగానికి ఆకుపచ్చ, doem భాగానికి ఎరుపు వేశాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కొలతలు నాకు నిజం చెప్పాయి. ఆకుపచ్చ భాగంలో ఇటుకల మధ్య సందులు పన్నెండు నుంచి పదిహేను మిల్లీమీటర్లు. ఎరుపు భాగంలో నాలుగు మిల్లీమీటర్లకు మించి లేవు. పాత మేస్త్రీలు డంగు సున్నంతో ఇటుకకు ఇటుక అతికించినట్టు సన్నగా కట్టారని నేను నివేదికలో చదివాను. వెడల్పు సందు సిమెంటు పని లక్షణమని కూడా చదివాను. వరద బురద సందుల్లో ఎండిపోవడంతో ఫొటోల్లో సున్నమేదో సిమెంటేదో కనిపించలేదు కానీ, అంకెలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. నేను వాటిని చూశాను. చూసి, డ్రాయింగ్ అంచున ఒక వివరణ రాశాను: ‘పురాతన భాగంలో సున్నం నీటికి కరిగిపోవడం వల్ల సందులు వెడల్పైనట్టు కనిపిస్తున్నది.’ అంకె ఒకటి చెప్పింది, మాట మరొకటి చెప్పింది. నేను మాటను నమ్మి, అంకెకు సాకు వెతికాను. పార్కింగ్ గరాజ్ విషయంలో ఎప్పుడూ అలా చేయలేదు.

మేనేజర్ డ్రాయింగ్ చూసి, ఈ పదాలను ఎవరైనా నిర్ధారించారా అని ఇంగ్లిష్‌లో అడిగాడు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలేనని, నాకు తెలుసని చెప్పాను. “మంచిదైంది, మీ ఇద్దరూ ఉన్నారు” అన్నాడు. ఇద్దరం సంతకాలు పెట్టాం.

జనవరి మూడో వారం, గురువారం, ఉదయం ఎనిమిదిన్నరకు వీడియో కాల్ వచ్చింది. ఇక్కడ బయట మైనస్ పంతొమ్మిది. అక్కడ రాత్రి. ఆ పని చూస్తున్న పురావస్తు అధికారిణి తెర మీద కనిపించారు. అరవైకి దగ్గర్లో ఉన్నావిడ, మెల్లగా, తూచినట్టు ఇంగ్లిష్ మాట్లాడతారు. ఆ ఏడాది వరదలో మూడు చోట్ల గోడలు దెబ్బతిన్నాయి. మూడూ ఆవిడ బాధ్యతే. ఈ స్తూపం దగ్గర పని మొదలై నాలుగో రోజు. ఆవిడ వేరే ఊరి నుంచి అప్పుడే వచ్చి చూశారు. వెనకాల లైటు వెలుగులో నీలం టార్పాలిన్ మీద ఇటుకల కుప్ప ఉంది.

“మీ డ్రాయింగ్‌లో ఆకుపచ్చ అంటే ఏమిటో ఒకసారి చెప్పండి” అన్నారు.

“అసలు గోడ. బురానా. పురాతనమైనది.”

ఆవిడ వెనకనున్న కుప్పవైపు ఒకసారి తిరిగి చూశారు.

“పురాతనం బోరాన్” అన్నారు. “మీరు చదివింది బూరణ. బూరణ అంటే మరమ్మతు. పోయిన చోట నింపడం.”

ఆవిడ వాక్యం పూర్తి కాకముందే నాకు అర్థమైంది. పురాణం కాదు, పూరణం. దీర్ఘం రెండో అక్షరం మీద కాదు, మొదటి అక్షరం మీద ఉంది. రోమన్ అక్షరాలు దీర్ఘం చూపించవు. కానీ సమస్యాపూరణం అనే మాట తెలియని తెలుగువాళ్లు ఎందరు? ఆ మాట నా నోట్లోనే ఉంది. తెలుగు రాని మనిషి ఎవరైనా ఆ రెండు పేర్లు చూసి ఉంటే, రెండూ తెలియవు కనుక రెండింటినీ అడిగి ఉండేవారు. మాకు ఒకటి తెలుసు. అందుకని అడగలేదు.

“దోమ్?” అని అడిగాను.

“మొదటిది. అసలైనది.”

పని చేసిన మేస్త్రీ రెండో రోజే అనుమానపడ్డాడట. సందులు ఇంత సన్నగా ఉన్నాయేమిటని కాంట్రాక్టర్‌ను అడిగాడట. కాంట్రాక్టర్ డ్రాయింగ్ తీసి అంచున ఉన్న నా వివరణ చూపించాడట. దాన్ని ఎవరో థాయ్‌లోకి అనువదించి పెట్టారు. సందుల గురించి ఇంజినీరు ముందే రాసిందని మేస్త్రీ ఊరుకున్నాడు.

“వాళ్లు చాలా జాగ్రత్తగా తీశారు” అన్నారు ఆవిడ. “మీ ఎర్ర గీత దాటి ఒక్క ఇటుక కూడా ముట్టుకోలేదు.”

ఆవిడ నన్ను తిట్టడానికి ఆ మాట అనలేదు. పనివాళ్లను వెనకేసుకొస్తూ అన్నారు.

మేనేజర్‌కు నేనే వెళ్లి చెప్పాను. అతను చెడ్డవాడు కాడు. కుర్చీ చూపించి, నీళ్లు తాగమని, “ఇటుకలు ఉన్నాయి కదా, మళ్లీ పేర్చేస్తారు” అన్నాడు. పేర్చాలంటే ఏది ఎక్కడిదో తెలియాలని, తీసేటప్పుడు నంబర్లు వేయలేదని, తీసేయమన్నదానికి ఎవరూ నంబర్లు వేయరని చెప్పాను. అతను తల ఊపాడు. నా ముఖం చూసి ఊపాడని, విషయం అర్థమై కాదని తెలిసింది. డ్రాయింగ్ సరిచూసిందెవరని అడిగితే, సహోద్యోగి ఆ మాటల గురించి నన్ను అడిగాడని, నేను ఖాయంగా తెలుసని చెప్పానని అన్నాను. అది నిజమే.

ఆ మధ్యాహ్నం సహోద్యోగి మైక్రోవేవ్ దగ్గరికి రాలేదు. మూడు గంటలకు నా టేబుల్ పక్కకు వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

“అక్కా, పొద్దున్నుంచి అన్నం దిగుతలేదు. పీకేయమందామని నేనే అంటి గదా.”

“గీసింది నేను.”

“నేను గట్టిగ అడగనైతిని.” గొంతు తగ్గించాడు. “నా పర్మనెంట్ రెసిడెన్సీ ఫైల్ నడుస్తున్నది. నేనేం అడుగుతలేను నిన్ను. ఊకె చెప్తున్న, అంతే.”

“నీ పేరు రాదు. నేను చెప్పేశాను.”

అతను థ్యాంక్స్ అనలేదు. అనకపోవడమే బాగుంది. ఆ తర్వాత మేము పని సంగతులు తప్ప తెలుగులో ఏమీ మాట్లాడుకోలేదు. నెమ్మదిగా పని సంగతులు కూడా ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయాయి.

ఇంట్లో మా ఆయన, ఆ అధికారిణి కేసు పెడుతుందా అని అడిగారు. మా అమ్మాయికి పదమూడేళ్లు. తను కథంతా విని, హోంవర్క్ మీంచి తల ఎత్తి, “అమ్మా, వై డిడ్న్ట్ యూ జస్ట్ ఆస్క్ దెమ్?” అంది.

“తెలుసనుకున్నానమ్మా.”

“బట్ యూ డోంట్ నో థాయ్.”

పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు. సందేహం తీర్చుకుంటోంది.

మిగిలిన ఆశ ఒక్కటే. తీసేయకముందు తీసిన స్కాన్ నా దగ్గర ఉంది. నూట డెబ్బై ఒక్క ఇటుకల బయటి ముఖాలూ అందులో ఉన్నాయి: ప్రతి మచ్చ, ప్రతి పగులు, ఒక ఇటుక మీద ఎవరో తడి మట్టిలో లాగిన మూడు వేళ్ల గీతలతో సహా. కుప్పలో ఉన్న ఇటుకలను కడిగి, ఆరు వైపులా ఫొటోలు తీసి పంపితే, ఏ ఇటుక ఏ చోటిదో నేను కనిపెట్టగలనని ఆవిడకు రాశాను. అలా కనిపెడితే గోడను మళ్లీ అదే ఇటుకలతో, అదే వరుసలో, సున్నంతో కట్టవచ్చు. ఆవిడ ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. ఒక ఇటుక చోటు ఖాయమని చెప్పాలంటే కనీసం మూడు గుర్తులు కలవాలి. రెండు కలిస్తే లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి శనివారం, ప్రతి సాయంత్రం భోజనానికి ముందు రెండు గంటలు అదే పని చేశాను. ఎడమ తెరలో గోడ, కుడి తెరలో ఇటుక. గునపం తగిలిన అంచు గుర్తుకు పనికిరాదు. కడిగినప్పుడు నాచు మచ్చ పోయినవి పనికిరావు. ఆ ఇటుకలు సరిగా కాలినవి కావు. శతాబ్దాలు తడిసి మెత్తబడినవి. గోడలో ఒకదాని బరువు ఒకటి పట్టుకుని నిలబడ్డాయి గానీ, బయటికి తీయగానే చాలావరకు రెండుగా మూడుగా విరిగిపోయాయి. మొదటి వారం తొమ్మిది కుదిరాయి. రెండో వారం ఏడు. ఆ లెక్కన జూన్ నెలాఖరుకు అయిపోతుందనుకున్నాను. తర్వాత వారానికి ఐదు, నాలుగు. ఒక వారం ఒక్కటీ లేదు. మార్చి చివరికి ముప్పై ఎనిమిది.

ముప్పై ఎనిమిదినీ వాటి చోట్లలో పెట్టి చూశాను. గోడంతా చెదురుమదురుగా ఉన్నాయి. పక్కపక్కన వచ్చినవి రెండు జతలే. ఒకదాని మీద ఒకటి వచ్చింది ఒక్క చోటే. ఇటుక మీద ఇటుక నిలవకుండా గోడ కట్టలేం.

ఆ శనివారం బయట మంచు కరిగి వీధంతా బురదగా ఉంది. గుర్తులను పోల్చి చూసే ప్రోగ్రామ్‌లో నేను షరతు మార్చాను. మూడు గుర్తుల బదులు రెండు. తొంభై ఏడు వచ్చాయి. తెర మీద గోడ కనిపించింది. కింది నాలుగు వరుసలు దాదాపు నిండాయి. రెండు నెలల్లో మొదటిసారి నాకు ఊపిరి ఆడింది. ఆ బొమ్మను ఆవిడకు పంపాను. షరతు మార్చిన సంగతి ఉత్తరంలో రాయలేదు. అబద్ధం రాయలేదు. రాయలేదు, అంతే.

సోమవారం ఉదయం ఆవిడ కాల్ చేశారు. బొమ్మను ముందు పెట్టుకుని ఉన్నారు.

“చాలా బాగుంది. పోయిన వారం దాకా ముప్పై ఎనిమిది. ఇప్పుడు తొంభై ఏడు. ఏం మారింది?”

నేను చెప్పాను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే ఈ యాభై తొమ్మిది మీ ఊహ.”

“చాలావరకు సరైనవే అయ్యుంటాయి.”

“ఏవి సరైనవో చెప్పగలరా?”

“లేదు.”

“అలా కడితే యాభై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి ఇదే అసలు గోడ అనుకుంటారు. ఎందుకు అనుకోరు, అన్నీ అసలు ఇటుకలే కదా” అన్నారు. “మీరు ఇంకోసారి ఊహించడానికి నేను ఒప్పుకోలేను.”

నేను క్షమించమని అడగబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, వానలు మొదలయ్యేలోపు ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టారు. ఇటుకలను పెట్టెల్లో పెట్టి గిడ్డంగికి పంపుతారు. గోడ పోయిన చోట గుడ్డ పరిచి, ఇసుకతో కప్పేస్తారు. సిమెంటు మరమ్మతును కూడా ఇక తీయరు. పక్కన అసలు గోడ లేదు కనుక, ఇప్పుడు స్తూపానికి ఆ మూలను మోస్తున్నది అదొక్కటే. ఏ సిమెంటును వదిలించుకోవడానికి ఈ పనంతా మొదలైందో, తూర్పు వైపున మిగిలింది అదే.

నివేదికలో నా పేరు రాయమని అడిగాను. నివేదికలో పేర్లకు చోటు లేదని, ‘డ్రాయింగ్‌లో దోషం’ అని ఒక వాక్యం ఉంటుందని చెప్పారు. “మీ పేరు రాస్తే మీకు కొంచెం తేలిక అవుతుందేమో. గోడకు ఏమీ కాదు” అన్నారు. కఠినంగా అనలేదు. అలసిపోయి ఉన్నారు. ఇంకా రెండు చోట్లకు వెళ్లాల్సి ఉంది.

ఏప్రిల్ చివర కొత్త స్కాన్ వచ్చింది. తెరిచి చూశాను. ఆరు మీటర్ల పది సెంటీమీటర్ల మేర ఇసుక చదునుగా ఉంది. ఎక్కడా ఎత్తుపల్లాల తేడా రెండు సెంటీమీటర్లకు మించి లేదు. మంచి పని.

ఆవిడ నన్ను చివరిగా అడిగింది ఒకటే. పాత స్కాన్‌తో చేసిన నమూనాను దోషం సరిదిద్ది పంపాలి, దాన్ని దస్త్రాల్లో దాస్తారు. మంగళవారం భోజనం తర్వాత కూర్చున్నాను. అంచున ఉన్న నా వివరణ తీసేశాను. రెండు భాగాల రంగులు తారుమారు చేశాను. నూట డెబ్బై ఒక్క ఇటుకలూ ఆకుపచ్చగా మారాయి. ముట్టుకోకూడదు. ఒకటి నుంచి చివరిదాకా సరిచూశాను. ఒక్క తప్పు లేదు. రంగులు మార్చడానికి పది సెకన్లు కూడా పట్టలేదు.